గోడ అవతలి వైఫై

పక్కింటి అన్న పోయాడని వాళ్ల కోడలు గోడ మీదుగా చెప్పింది. నేను పూజకు పూలు కోస్తున్నాను. ముందురోజు సాయంత్రం గుమ్మంలో కూర్చుని టీ తాగిన మనిషి. ఆ పూట పూలు గిన్నెలోనే వాడిపోయాయి.

ఆయన మాకు బంధువు కాదు. ఇక్కడి సాస్తి బొగ్గు గనిలో మోటార్లు బాగుచేసి రిటైరయ్యాడు. మా రెండిళ్లకు ఒకటే గోడ. నన్ను చెల్లె అనేవాడు.

మా మామగారు భజనలు పాడేవారు. ఆయన కాలం చేశాక ఆ వీడియోలు మా కంప్యూటర్‌లో మిగిలాయి. అత్తమ్మ మంచం దిగలేని మనిషి. చూపు తగ్గింది, పెద్ద టీవీలో అయితేనే మామగారి ముఖం పోల్చుకుంటుంది. ఏకాదశి నాడు ఆయన పాట వినేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టదు. "మీ మామ గొంతు ఇనంది నాకు నీళ్లు దిగయి బిడ్డా" అంటుంది. కంప్యూటర్ లోపలి గదిలో, టీవీ ముందు గదిలో. పాట వైఫై మీద అక్కడి నుంచి ఇక్కడికి రావాలి. రానప్పుడల్లా నేను గోడ దగ్గరికి వెళ్లి అన్నను పిలిచేదాన్ని.

మొదటిసారి వచ్చినప్పుడు వైఫై డబ్బా ఎక్కడుందని వెతికాడు. నేను స్టీలు డబ్బా మూత తీసి చూపించాను.

"ఏంది చెల్లె, గిండ్ల పెట్టి మూత పెట్టినవ్?"

"బొగ్గు దుమ్ము పడుతదన్నా."

"గివేమన్న అప్పడాలా, మెత్తబడుతయని దాస్తున్నవ్?"

అత్తమ్మ కూడా నవ్వింది. వైఫై డబ్బా బయటికి తీసి పెట్టగానే పాట వచ్చింది.

ఆయన దేన్నీ వెంటనే ముట్టుకునేవాడు కాదు. ముందు ఏ లైటు వెలుగుతోందో, ఏది వెలగడం లేదో చూసేవాడు. "ఒక్కటే మార్చు. మార్చినంక ఆగి సూడు" అనేవాడు. తర్వాత లోపలి గదిలో కూర్చుని కేకేసేవాడు.

"వచ్చిందా చెల్లె?"

"రాలేదన్నా. టీవీల చక్రం తిరుగుతుంది."

"తిరగనీ. మనం తిరగలేదా గిన్ని దినాలు!"

నా కోసం అన్నీ ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అంటించాడు. మాటలు తెలుగే, అక్షరాలు మాత్రం మరాఠీవి. ఆయన చదివింది మరాఠీ బడి. నేను కూడబలుక్కుని చదువుకునేదాన్ని.

పోయే ముందు నెలలో మా వైఫై డబ్బా చెడిపోయింది. "నాది వాడుకో" అని టీవీని, కంప్యూటర్‌ను తన ఇంటి వైఫైకి కలిపి, కాగితం చివర ఇంకో వరుస రాశాడు. గోడ అవతలి నుంచే పాట వచ్చేది.

ఆయన దశదినకర్మ అయిన మర్నాడే ఏకాదశి. ముందురోజు ఒకతను వచ్చి మాకు కొత్త వైఫై డబ్బా బిగించి, టీవీని దానికి కలిపి వెళ్లిపోయాడు. పొద్దున టీవీ పెడితే కంప్యూటర్ కనబడటం లేదంది. పది రోజులుగా వాళ్లింటికి వంట చేసి మోసిన ఒళ్లు నాది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను, ఆగి చూశాను. టీవీ ఆపి పెట్టాను, ఆగి చూశాను. రెండు గదుల మధ్య తిరిగి తిరిగి మోకాళ్లు లాగేశాయి. మధ్యాహ్నం దాటింది. అత్తమ్మ పెదవులు ఎండిపోయాయి.

"గోడ కాడికి పోయి అన్నను పిల్వరాదు" అంది.

అన్న పోయాడని చెప్పినా మరిచిపోతుంది. మళ్లీ చెప్పే ఓపిక లేక లోపలికి వచ్చి కూర్చున్నాను. అప్పుడు కాగితంలో చివరి వరుస చదివాను. "టీవీ, కంప్యూటర్ రెండు ఒక్క ఇంట్లనే ఉండాలె. ఒకటి నీ ఇంట్ల, ఒకటి నా ఇంట్ల ఉంటే ఒకదానికొకటి కనబడయి."

చూస్తే కంప్యూటర్ ఇంకా అన్న ఇంటి వైఫై మీదే ఉంది. అక్కడి నుంచి తప్పించి మా దానికి కలపాలి, అంతే. నొక్కడానికి చాలాసేపు చెయ్యి రాలేదు. స్వామిని తలుచుకుని నొక్కాను. పాట పెట్టి, లేచే శక్తి లేక అక్కడి నుంచే కేకేశాను.

"వచ్చిందా అత్తమ్మా?"

చక్రం తిరుగుతున్నట్టుంది. కాసేపటికి తాళాలు మోగాయి, ఆ వెనకే మామగారి గొంతు.

"వచ్చిండు బిడ్డా. నీళ్లు తే."

నీళ్లు ఇచ్చి వచ్చాను. కంప్యూటర్‌లో వైఫై పేర్ల వరుస ఇంకా తెరిచే ఉంది. పైన మా ఇంటి పేరు. దాని కింద అన్న ఇంటి పేరు, గోడ అవతలి నుంచి నిండు సిగ్నల్ గీతలతో.