వినుకొండకు ఎంతసేపు?

రెంటచింతలలో మా అత్తగారింట్లో, కూలర్ గాలి తగిలే మూలన కూర్చుని ఉద్యోగం చేస్తాను. రెండు దూరపు నగరాల పేర్లు ఇస్తారు. వాటి మధ్య విమానదూరం ఎంత, ఎంతసేపు పడుతుంది, ఎక్కడ దిగి మరో విమానం ఎక్కాలి అన్నది ఒక వెబ్‌సైట్ కోసం రాయాలి. టోక్యో నుంచి లిమాకు, నైరోబీ నుంచి ఓస్లోకు రోజూ జనాన్ని చేరవేస్తుంటాను.

నేను మాత్రం వినుకొండలో ఉన్న మా అమ్మ దగ్గరికి వెళ్ళలేను. బస్సులు మారి వెళ్ళినా ఒక పూటలో చేరే ఊరు. మంగళవారం, శుక్రవారం కోడలు గడప దాటితే లక్ష్మి వెళ్ళిపోతుందట. మిగతా రోజుల్లో పొలంలో మిరపకాయ కోతలుంటాయి, లేదంటే అమావాస్య వస్తుంది. ఎదురుగాలి ఉంటే విమానం ఆలస్యం కావచ్చని రాసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అదీ ఒక అడ్డంకేనా!

మొన్న ఇక తట్టుకోలేక బ్యాగు సర్దేశాను. అత్త గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది.

"ఇయ్యాల ఏం వారమే?" అంది.

ఆమె వినాలనే స్పీకర్ పెట్టి అమ్మకు ఫోన్ చేశాను. "అమ్మా, ఇప్పుడే బయల్దేరుతున్నా."

అటు నుంచి అమ్మ అంది:

"శుక్కురారమా? వద్దులేమ్మా. నేనైనా నా కోడల్ని ఇయ్యాల గడప దాటనిస్తానా ఏంది?"

అత్త లేచి, పీట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. గుమ్మానికి ఇప్పుడు ఏ అడ్డమూ లేదు.