అమ్మవారికి బూట్లు విడిచితిని

మా ఊరు అవినాశి. చిన్న బనియన్ కంపెనీ నడుపుతాము. పోయిన ఏడు అల్లిక మిషన్లు చూద్దామని నేనూ మా బావా తైవాన్ పోయినాము. తిరిగొచ్చే రోజు పొద్దున, హోటల్ ముందర వీధిలో అక్కడివాళ్లు కొలిచే అమ్మవారి పల్లకి వస్తా ఉందని తెలిసి కిందికి దిగినాము.

పల్లకి మలుపు తిరగంగానే నేను బూట్లు, సాక్సులు విప్పి గోడవార పెట్టి చేతులు జోడించినాను.

"ఇక్కడ ఒకరూ విప్పలేదు, చూడు," అనె బావ.

"సామి వచ్చేప్పుడు బూట్లతో నిలబడేదా బావా? వాళ్ల అలవాటు వాళ్లది," అంటిని.

వాళ్లెందుకు విప్పలేదో మరు నిమిషమే తెలిసింది. వీధి పొడుగునా పరిచిన సరవెడి, అదే టపాకాయల దండ, అంటించినారు. పొగలో బావ కనబడలేదు. ఎర్ర కాగితం ముక్కలు కాలుతూ వచ్చి పాదాల మీద పడినాయి. ఎటు అడుగేసినా నిప్పే. చెవులు మూసుకొనేదా, ఎగిరేదా తెలియక రెండూ చేసినాను.

ఎవరో నా చెయ్యి పట్టి ఒక అంగడి మెట్టు మీదికి లాగినారు. చూస్తే ముసలమ్మ. ఆమె మళ్లీ పొగలోకి పోయి నా బూట్లు చేత పట్టుకొని వచ్చింది. మా ఇంట్లో పెద్దవాళ్ల చేత చెప్పులు ముట్టించము. "వద్దవ్వా, వద్దు," అని నేను అరుస్తా ఉండంగానే వంగి నా కాళ్లకు తొడిగింది.

ఊరికొచ్చినాక మా అమ్మ, "అమ్మవారు ఎట్లుండెరా?" అని అడిగింది.

పల్లకి ఎప్పుడు దాటిపోయిందో నేను చూడనే లేదు.

"తల నెరిసి ఉండెమ్మా," అంటిని.