పళ్లెం అడుగున బొట్టు

పోయిన శుక్రవారం పూజకు గంధం అరగదీస్తుంటే, వేళ్లకు తగిలిన ఆ చల్లటి తడితో వసుంధర మేడం గుర్తొచ్చారు. గంధం వాసనకు అందరికీ గుడి గుర్తొస్తుంది. నాకు మాత్రం తిరుమలగిరి దగ్గర ఆమె అధిపతిగా మేము పనిచేసిన లోహాల ప్రయోగశాల, అందులో అద్దాల పెట్టెలో ఉండే సున్నితమైన త్రాసు కళ్ల ముందుకు వస్తాయి. మేడం ఆ తర్వాత ఢిల్లీ వెళ్లి కేంద్రమంత్రి అయ్యారు. దేశం ఆమెను టీవీలో చూసింది. నేను చూసింది తెల్లకోటులో, బన్సీలాల్‌పేట్ ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ డబ్బా మాతో పంచుకుంటున్నప్పుడు.

నేనక్కడ తాత్కాలిక ఉద్యోగిని. లోహపు ముక్కలను కొలిమిలో వేడిచేయక ముందు, చేశాక తూచి రాయడం నా పని. చిన్నప్పటి నుంచి సత్సంగంలో పెరిగినవాణ్ని. ఆయుధపూజ నాడు పనిముట్లన్నిటికీ బొట్టు పెట్టాను. రోజూ నా చేతిలో మెలిగే త్రాసును వదలబుద్ధి కాలేదు. పైన పెడితే ఎవరైనా తుడిచేస్తారని, పళ్లెం తీసి దాని అడుగున గంధం రాసి కుంకుమ అద్దాను.

పండగ తర్వాత తూకాలు తప్పసాగాయి. పొద్దున సున్నాకు సరిచేసినా సాయంత్రానికి తగ్గేవి. ఆ లోహం మా సీనియర్ శాస్త్రవేత్త యాదగిరి గారు ఏళ్ల తరబడి కష్టపడి తయారుచేసింది. వేడికి అది పొరలుగా రాలుతోందని, ఇక దాన్ని పక్కన పెట్టేద్దామని మీటింగులో మాట వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం పళ్లెం తుడుస్తుంటే నా గుడ్డకు పసుపుపచ్చటి పొడి అంటింది. రాలుతున్నది ఆరిన గంధం, లోహం కాదు.

మొత్తం తుడిచేశాను. ఇక తూకం సరిగ్గానే వస్తుంది, ఎవరికీ తెలియదు. నన్ను పర్మనెంటు చేసే కాగితం మేడం బల్ల మీదే ఉంది. కానీ ఆ మూడు రోజుల అంకెలు యాదగిరి గారి లోహాన్ని తప్పుపడుతూ రిజిస్టరులో అలాగే ఉంటాయి. భక్తితో చేసిన పని కదా, దేవుడే చూసుకుంటాడని కాసేపు సర్దిచెప్పుకున్నాను. దేవుడి పేరు అడ్డం పెట్టుకుని దాక్కుంటున్నానని తెలిశాక ఇక కూర్చోలేకపోయాను.

మేడం గదిలో యాదగిరి గారు కూడా ఉన్నారు. జరిగిందంతా చెప్పేశాను. ముందు ఆయనే మాట్లాడారు.

“మూడు దినాల సంది అన్నం సయిస్తలేదు నాకు. నీ దేవునికి నా లోహమే దొరికిందా అన్నా?”

మేడం నవ్వలేదు. రిజిస్టరు తెప్పించి నా ముందు పెట్టారు.

“రాయి. నీ చేత్తోనే రాయి. బొట్టు పెట్టినందుకు కాదు నా కోపం. తెలిసినంక సుత చెప్పకపోతే, గప్పుడు నిన్ను ఈడ ఉంచకపోయేదాన్ని.”

ఏం చేశానో, ఏ రోజుల తూకాలు నమ్మకూడదో రాశాను. సంతకం పూర్తి పేరుతో చేయమన్నారు. దాని కిందే, త్రాసు దగ్గర ఏం చేయకూడదో ఇతనికి చెప్పవలసింది నేను, తప్పు నాది కూడా అని రాసి తనూ సంతకం చేశారు. లోహాన్ని మళ్లీ పరీక్షించారు, నెగ్గింది. నా పర్మనెంటు కాగితం మరో ఏడాది ఆగింది. అది న్యాయమే.

మరుసటి దసరాకు మేడమే చామంతి దండ తెచ్చి, “పెట్టె మీద వెయ్యి సామీ, పళ్లెం జోలికి పోకు” అన్నారు. యాదగిరి గారు ఆ రోజంతా త్రాసు పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు.

ఆమె మంత్రిగా ఉన్నప్పుడు పల్లెలకు పంపిన నీటిశుద్ధి యంత్రాలు కొన్ని పనిచేయలేదు. నెపం అధికారుల మీదికి నెట్టేస్తారనే అందరూ అనుకున్నారు. యాప్రాల్‌లో మా సత్సంగం వాళ్లమంతా టీవీ ముందు కూర్చున్నాం. పరీక్షలు పూర్తికాకుండా పంపమన్నది తానేనని, తప్పు తనదేనని ఆమె చెప్పారు. ఆ యంత్రాలన్నీ మార్పించారు కూడా. ఆ సాయంత్రం హారతి వేళ ఆమె కోసం కూడా దణ్ణం పెట్టుకున్నాను.

గంధం తీసిన ఆ శుక్రవారమే పారాయణంలో రెండు పేజీలు అంటుకుని ఒక అధ్యాయం దాటేశాను. హారతి అయ్యాక గాని చూసుకోలేదు. నా పక్కన కూర్చుని చదివే మాలతి, ఎవరూ గమనించలేదు, పోనిమ్మంది. నేను సత్సంగం వివరాలు రాసుకునే పుస్తకం తెరిచి, అధ్యాయం దాటేసింది నేనేనని, వచ్చే వారం అక్కడి నుంచే మొదలుపెడతామని రాసి పూర్తి పేరుతో సంతకం చేశాను. ఆ రిజిస్టరు నాటి అలవాటు ప్రకారం కింద ఒక వరుస ఖాళీ వదిలాను. అదెందుకని మాలతి అడిగితే ఈ కథంతా చెప్పాను.

ఆమె ఆ పుస్తకాన్ని తన వైపు తిప్పుకుంది.

“పక్కన పుస్తకం పట్టుకుని నేను సుత కూసున్న కదా బాబాయ్. పెన్ను జెర ఇటియ్యండి.”