ఇరుసు కింది దిమ్మెలు

మొన్న ఆదివారం పొద్దున మా మనవడు వాకిట్లో కారుకు జాకీ పెట్టి, ఒక పక్క పైకి లేపి, చాప పరుచుకొని కిందికి దూరబోతున్నాడు. నేను అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. చాట అక్కడే పారేసి అరిచాను. "ఏయ్, బయటికి రా! దిమ్మెలు పెట్టకుండ ఎవడు పొమ్మన్నడు నిన్ను?" వాడు నవ్వాడు. "జరంత పనే బాపమ్మా. జాకీ గట్టిదే." గట్టిదేనట! ఈ ఇంట్లో పుట్టి ఆ మాట అంటాడా? పీట ఈడ్చుకొచ్చి కారుకు అడ్డంగా కూర్చున్నాను, నేను లేస్తే కదా వాడు దూరేది. తిట్టుకుంటూ బస్ డిపో దగ్గరి మెకానిక్ దుకాణానికి పోయాడు, ఇనుప స్టాండ్లు అడిగి తేవడానికి. వాడు వచ్చేదాకా నేనూ ఆ కారూ మిగిలాం.

నేను మనూర్ దిక్కు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, నిజాం కాలంలో, నారాయణఖేడ్‌లో మోటారున్న ఇళ్లు వేళ్ల మీద లెక్క. అందులో మాదొకటి. మామ బట్టల వ్యాపారి. ఇంట్లో కన్నడం, దుకాణంలో తెలుగు, సర్కారు కచేరీలో ఉర్దూ మాట్లాడేవాడు. మోటారుతో మాత్రం ఎద్దుతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. హైదరాబాదులో ఎవరో జాగీర్దారు వాడి వదిలేసిన పాత బండి అది. ఎత్తు ఎక్కకపోతే "హై, హై" అని అదిలించేవాడు, ఇంటికి రాగానే దాని ముందు భాగాన్ని ముక్కు నిమిరినట్టు నిమిరేవాడు. దాన్ని నడిపేదీ, నూనె పోసేదీ, మసి పూసుకునేదీ మా మరిది. అప్పటికింకా పెళ్లి కాలేదు. తీరిక దొరికితే దాని కిందే ఉండేవాడు. వచ్చిన కొత్తలో నేను ఆయన ముఖం కన్నా పాదాలే ఎక్కువ చూశాను. కింది నుంచే "వదినే, చాయ్ తే!" అని కేకేసేవాడు. "బయటికొచ్చి తాగు, పందికొక్కు లెక్క బొరియల ఉంటవేంది?" అంటే నవ్వు ఒక్కటే వినబడేది.

ఆ యేడు మిరుగం కార్తె వానలకు ముందు, బండి ముందటి చక్రం కిర్రు కిర్రుమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. మామకు ఒక్కటే తెలుసు, చక్రం కూసిందంటే కందెన కావాలి. ఎడ్లబండికైతే ఇరుసు కింద ఊతకర్ర నిలబెట్టి, చక్రం ఊడదీసి, కందెన పూసి మళ్లీ ఎక్కిస్తారు. ఎడ్లను విప్పాక బండి కాడి నేలకు ఆని ఉంటుంది కాబట్టి అది ఎటూ కదలదు. అందుకే చక్రానికి రాయి అడ్డం పెట్టాలన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. "జాకీ మీద ఎంతసేపుంచుతవ్ రా, బండి కర్ర పెట్టు," అన్నాడు మామ. మరిది జాకీతో లేపి, కర్ర పెట్టి, జాకీ తీసేశాడు. చక్రం ఊడదీసి కిందికి దూరాడు. మా అత్తకు ఎందుకో మనసొప్పలేదు. "బ్యాడ మగా, బయటికి రా," అన్నది. బ్యాడ అంటే కన్నడంలో వద్దని, మగా అంటే కొడుకా అని. "అయిపాయెనవ్వా," అన్నాడు కింది నుంచి. నేను చాయ్ పట్టుకొని గడప దాటుతున్నాను. మా వాకిలి వాననీళ్లు పోవడానికి దర్వాజ దిక్కు వాలుగా ఉంటుంది. కాడి లేని బండి కదా, మెల్లగా జానెడు ముందుకు జరిగింది. కర్ర ఒరిగింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. పాదాలు అట్లాగే ఉన్నాయి. "జల్దీ రాండ్రి, లేపుండ్రి!" అని అరుస్తూ మామ ఒక్కడే బండిని ఎత్తబోయాడు. పక్కిళ్ల వాళ్లు వచ్చి ఎత్తేసరికి మరిది లేడు.

దినాలు కాగానే మామ వడ్లాయనను పిలిపించి తుమ్మ మొద్దులతో దిమ్మెలు చెక్కించాడు. కింద వెడల్పు, పైన సన్నం, నెత్తిన ఇరుసు జారకుండా కూర్చునే గాడి. ఊడిన చక్రాన్ని తిరిగి బిగించి, ముందూ వెనకా ఇరుసుల కింద ఆ దిమ్మెలు పెట్టించి, బండిని అట్లాగే వదిలేశాడు. చక్రాలన్నీ గాల్లోనే ఉండేవి. ఆషాఢం గాలులు మొదలయ్యాయి. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగిన వేళ, ఆ ముందటి చక్రం దానంతటదే మెల్లగా తిరిగేది. కిర్రుమనేది. ఆగి, మళ్లీ కిర్రుమనేది. కందెన పూయడం కానే లేదు కదా. అత్త చేతిలో పని వదిలేసి పోయి, వంగి, బండి కింద చూసేది. "మగా, బయటికి రా," అనేది. అది గాలేనని నాకు తెలుసు. తెలిసీ చాయ్ కాసినప్పుడల్లా ఒక గ్లాసు ఎక్కువ పోసి, ఆ గ్లాసును ఏం చేయాలో తెలియక నిలబడేదాన్ని.

ఆఖరికి మా ఇంటాయన తట్టుకోలేకపోయాడు. "నాయినా, నేను పోయి కందెన పూస్త. అమ్మ పిచ్చిదైతున్నది," అన్నాడు. మామ ధోతి ఎగ్గట్టి, "ముందుగాల నేను పోత," అన్నాడు. కొడుకు పోయిన చోటనే, అదే తీరుగా వెల్లకిలా పడుకున్నాడు. "ఇగ తోయుండ్రి," అన్నాడు. మాకు చేతులు రాలేదు. "తోయుమంటే వినబడ్తలేదా? ఉన్న బలమంత పెట్టి తోయుండ్రి!" మా ఇంటాయన, నేను, అత్త కూడా, ఏడుస్తూ తోశాం. ముందు నుంచి తోశాం, పక్క నుంచి తోశాం. బండి రవ్వంత కదలలేదు. కింది నుంచి మామ గొంతు వచ్చింది. "గట్టిగున్నయ్ రా. గివి నీకు పెట్టకపోతి కదరా బిడ్డా." ఆయన ఏడుపు నేను విన్నది అప్పుడే. ముఖం కనబడలేదు, పాదాలే కనబడ్డాయి. చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. అప్పుడు మా ఇంటాయన దూరి పని ముగించాడు. ఆ మధ్యాహ్నం మళ్లీ గాలి వచ్చింది, చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. అత్త గడపలో కూర్చొని చెవి యొగ్గి, "ఇయ్యాల పిలుస్తలేడేందే వాడు?" అని నన్ను అడిగింది. నేను పక్కన కూర్చొని చెయ్యి పట్టుకున్నాను.

మనవడు ఇనుప స్టాండ్లు తెచ్చాడు. నేలమీదున్న చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టించాను. కారు బరువు స్టాండ్ల మీదికి దించించాను. కొంగు నడుముకు చెక్కి లేచి కారును తోశాను. "నీతోని కదుల్తదా బాపమ్మా గది?" అన్నాడు. "కదలొద్దనే తోస్తున్న. నవ్వుడు బంజేసి నువ్వు గూడ తోయి," అన్నాను. ఇద్దరం తోశాం. కదలలేదు. "ఇగ పో," అన్నాను. దూరాడు. పాదాలు బయట మిగిలాయి. కాసేపటికి కింది నుంచి కేక వచ్చింది. "బాపమ్మా, చాయ్ తే!"

పొయ్యి దగ్గరికి పోలేదు. "బయటికొచ్చి తాగు," అని, కారు మీద చెయ్యి వేసి, వాడి ముఖం బయటికి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. ఎన్నేళ్లయిందో లెక్కగట్టి చెప్పేవాళ్లు ఇంట్లో ఉన్నారు. బండి కింద మనిషి ఉన్నంతసేపు నాకు మాత్రం ఇంకా ఆ పొద్దే, గడప దాటుతూనే ఉంటాను, చేతిలో చాయ్ వేడిగానే ఉంటుంది.