రెండు జడలు

పద్దెనిమిదేళ్ళుగా నేనొక కలను మోస్తున్నాను. అది నాకు రాని కల.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యం నాకు లేదని ఇన్నేళ్ళలో తేలిపోయింది. మాది చీపురుపల్లి దాటాక వచ్చే ఒక చిన్న ఊరు. పేరు అడక్కండి. అమ్మవారికి పూజారితనం మా ఇంట్లో తరతరాలుగా వస్తోంది. రెండెకరాల వరి, మెట్టలో కాస్త నువ్వులు, పొద్దున్నా సాయంత్రం గుడి. ఇదీ నా బతుకు.

మా బంగారమ్మ తల్లి పుట్టుదేవత కాదు. ఒక రైతింటి ఆఖరి పిల్ల. నాట్లు వేస్తున్న అన్నలకి అంబలి కుండ పట్టుకెళ్తూ జడివానలో తప్పిపోయిందట. మరుసటేడు దున్నుతుంటే అదే చేలో నాగలికి ఒక రాయి తగిలిందట, పసుపు పూసి ఉందట. అన్నలు దాన్ని గట్టుమీద పెట్టి గుడి కట్టారు. అందుకే పండగ ముందురోజు, మేం తొలేళ్ళు అంటాం, అమ్మకి మొదట పెట్టేది అంబలే. పులిహోర, పరమాన్నం తర్వాత.

మూడేళ్ళకోసారి సిరిమాను. తాడిచెట్టంత చింతమానుని చెక్కి బండి మీద బిగిస్తారు. ఆకాశంలోకి లేచిన దాని కొసకి పీట కట్టి, పూజారిని దానిమీద కూర్చోబెట్టి ఊరంతా తిప్పుతారు. జనం అరటిపళ్ళు విసురుతారు, దణ్ణాలు పెడతారు. ఆ కాసేపూ పూజారే అమ్మవారు. అయితే మాను ఎక్కడిదో మనుషులు నిర్ణయించకూడదు. అమ్మ పూజారి కలలోకి వచ్చి ఫలానావారి పెరట్లో ఫలానా చెట్టు అని చెప్పాలి. చెట్టుగలవాళ్ళు సంతోషంగా ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు ఆ ఇంటి ఆడమనిషి కంట నీరు పెడితే ఆ మాను పనికిరాదు. పూజారి మళ్ళీ కల కనాలి.

ఈ కంటతడి మాట గుర్తుంచుకోండి. నా తప్పంతా దాని చుట్టూనే ఉంది.

మా నాన్నకి ప్రతిసారీ కల వచ్చేది. పొద్దున్నే లేచి, మొహం కూడా కడుక్కోకుండా, ఫలానా చోట అనేవాడు. వెళ్ళి చూస్తే చెట్టు ఉండేది. ఆయన పోయిన ఏడాదే సిరిమాను పడింది. నా మొదటి పండగ. ఉపవాసం ఉన్నాను. గుడి మండపంలో చాప వేసుకుని పడుకున్నాను. నలభై రోజులు. ఏమొచ్చింది? దోమలొచ్చాయి. ఒకసారి కలలో మా ఎడ్లు కనిపించాయి. ఇంకోసారి బస్సు తప్పిపోయింది. అమ్మ రాలేదు.

పండగ దగ్గరపడుతోంది. పండగ కమిటీ పెద్దాయన రోజూ గుడికి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. ఒకరోజు మాత్రం లేస్తూ లేస్తూ అన్నాడు: "మీ నాన్నకయితే ఈపాటికి కలొచ్చీసేది." అంతే. నా చిన్నాన్న కొడుకు పూజారితనం కోసం కాచుకుని కూర్చున్నాడని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. అమ్మ పలకని వాడు పూజారేమిటని ఊరు అడిగితే నేనేం చెప్పను?

అప్పుడు నేను చెట్లు చూడటం మొదలెట్టాను. పట్టపగలు, సైకిలేసుకుని, కళ్ళు బాగా తెరుచుకుని.

సిరిమానుకి పనికొచ్చే చింతచెట్లు రెండే కనిపించాయి. ఒకటి కమిటీ పెద్దాయన తోటలో ఉంది. తిన్నగా, ఎక్కడా వంకర లేకుండా ఉంది. రెండోది పక్క పల్లెలో సూరమ్మ పెరట్లో ఉంది. సూరమ్మ మొగుడు పోయిన మనిషి, నాకు వరసకి అప్ప, అంటే అక్క. ఆ చెట్టు చింతపండే ఆమె కూడూ గుడ్డా. ఏది అడగాలో తేల్చుకోవడానికి నాకు ఎంతసేపు పట్టిందనుకుంటున్నారు? సైకిలు తిప్పేంతసేపు. పెద్దాయన కాదంటాడేమోనని భయపడ్డాను. సూరమ్మకి కాదనే దిక్కు లేదని ధైర్యపడ్డాను. అమ్మ పేరు చెప్పి నేను చేసిన మొదటి పని అది. సిగ్గులేని పని.

మర్నాడు పొద్దున్నే, నాన్నలాగే మొహం కడుక్కోకుండా, కల వచ్చిందని చెప్పాను. ఊరు ఊపిరి పీల్చుకుంది. పెద్దాయన నా భుజం తట్టాడు.

డప్పులతో, పసుపు కుంకాలతో వెళ్ళాం. సూరమ్మ చెట్టుకింద కూర్చుని చింతకాయలు కొడుతోంది. మమ్మల్ని చూసి లేచింది. ఆమె అమ్మవారి గుడికి రాక అప్పటికి పదేళ్ళయింది. కూతురు లచ్చి, మా వైపు ఆడపిల్లని గుంట అంటాం, ఆ గుంట తొమ్మిదో ఏట జ్వరమొచ్చి పోయినప్పుడు, ఇక ఆ గడప తొక్కనని ఒట్టేసుకుంది. ఇది ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే వెళ్ళాను.

విషయం చెప్పగానే ఆమె చెట్టుమీద చెయ్యి వేసింది.

"నా సెట్టే అడిగిందేటి బాబూ?" అంది. "నాకింకేటి మిగిలుందని అడిగింది?"

ఆమె కళ్ళు నిండుతున్నాయి. డప్పులు ఆగిపోయాయి. పెద్దాయన నావైపు చూశాడు. ఇంకొక్క క్షణంలో ఆ నీళ్ళు జారతాయి. మాను పనికిరాకుండా పోతుంది. నేను మళ్ళీ కల కనాలి. ఎక్కడ కనను? ఇక మిగిలింది పెద్దాయన చెట్టే. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. వచ్చిందని అంటున్నాను చూడండి, ఇప్పుడు కూడా. రాలేదు, నేనే అన్నాను.

"అమ్మ పెద్ద ముత్తయిదువలాగ రాలేదు అప్పా. సిన్న గుంటలాగ వొచ్చింది."

సూరమ్మ నా మొహంలోకి చూసింది. "గుంటలాగా?"

"తొమ్మిది పదేళ్ళుంటాయి. నీ పేరెట్టి సెప్పింది. మాయమ్మ సూరమ్మ పెరట్లో సెట్టు ఉన్నాది సూడు, అన్నాది."

"జుత్తు ఎలాగుంది బాబూ?"

ఆ ప్రశ్న నేను అనుకోలేదు. ఆ వయసు పిల్లకి ఎలా ఉంటుంది? "రెండు జడలు," అన్నాను. "ఎర్ర రిబ్బన్లు."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను చచ్చాననుకున్నాను. కానీ ఆమె నవ్వింది. పదేళ్ళలో ఆమె నవ్వగా చూసినవాళ్ళు లేరని తర్వాత పల్లెలో అన్నారు. "తీసుకెల్లిపొండి," అంది. "నా గుంట అడిగితే కాదంతానా? తీసుకెల్లిపొండి." మొదటి పసుపు తనే పూసింది. కన్నీటి చుక్క కింద పడలేదు. గొడ్డలి దెబ్బ పడుతుంటే పక్కనే నిలబడి చేతులు జోడించింది.

ఆ ఏడు పీట మీద కూర్చుని పైకి లేస్తుంటే నాకు కింద అందరి మొహాలూ ఒకేలా కనిపించాయి, ఆమెది తప్ప. ఆమె అరటిపండు విసరలేదు. కొంగు పట్టుకుని నావైపే చూస్తోంది. నన్ను కాదు, ఆ పిల్లని. నేను కళ్ళు మూసుకున్నాను. భక్తితో మూసుకున్నానని జనం అనుకున్నారు.

తర్వాత సంగతి చెప్పడానికి మనసు రావడం లేదు. చెట్టు పోయాక సూరమ్మ కూలికి వెళ్ళింది. జీడిపిక్కలు కొట్టింది, చేతులు పుళ్ళు పడ్డాయి. తుఫానుకి ఇంటి పైకప్పు ఎగిరిపోయింది. చెట్టు ఉంటే గాలికి అడ్డం ఉండేదని పల్లెవాళ్ళు అంటే, "అమ్మ దగ్గిర నా గుంట ఉన్నాది, అదే సూసుకుంటాది" అందట. చెట్టు మొదలు మిగిలింది కదా, దానికి పసుపు రాసి రోజూ దీపం పెట్టేది. పిల్లలకి జబ్బు చేసిన తల్లులు అక్కడికి రావడం మొదలెట్టారు. కమిటీవాళ్ళు చుట్టూ గట్టు కట్టించారు. ఇప్పుడు గుడి గోడ మీద అమ్మవారి చరిత్ర రాయించిన పలక ఉంది. అంబలి కుండ, నాగలి, రాయి, ఆ తర్వాత నా కల. రెండు జడలతో సహా. ఊరికి చుట్టాలొస్తే వాళ్ళకి ఆ పలక చదివి వినిపించేది నేనే. నా నోటితో నేనే.

ఆ తర్వాత పండగలకీ కలలు రాలేదు. ప్రతిసారీ దూరపు ఊళ్ళు కూడా తిరిగి, పగలు చెట్టు చూసుకుని పొద్దున్నే చెప్పాను. ఉన్నవాళ్ళ చెట్లే అడిగాను, సంతోషంగా ఇచ్చారు. అవి నన్ను అంత బాధపెట్టవు. ఒక్కొక్కసారి అనిపిస్తుంది, మా నాన్నకి మాత్రం నిజంగా వచ్చేదా? ఆయనకీ సైకిలుండేది కదా? ఛీ, నా బురద ఆయనకెందుకు పూయాలి? కానీ అడిగి ఉండాల్సింది. బతికుండగా ఒక్కసారి అడిగి ఉండాల్సింది.

సూరమ్మ మాత్రం నన్ను వదల్లేదు. కనిపించినప్పుడల్లా ఆ కల చెప్పించుకునేది. చెప్పినప్పుడల్లా కొంచెం పెరిగింది. ఒకసారి గాజులు వచ్చాయి. ఒకసారి పరికిణీ రంగు వచ్చింది. ఆపడం నావల్ల కాలేదు. ఆమె వింటుంటే ఆ ముసలి మొహం విచ్చుకునేది, నేనింకొక అబద్ధం కలిపేవాణ్ణి.

ఈ ఏడు మళ్ళీ సిరిమాను. పోయిన వారం ఆమెకి బాగోలేదని కబురొచ్చింది. శ్రీకాకుళంలో డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడట. ఇక ఆగకూడదనుకున్నాను. ఆమె వెళ్ళేలోగా చెప్పెయ్యాలి. తిడితే తిట్టనీ, ఊరికి చెబితే చెప్పనీ, పూజారితనం పోతే పోనీ. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. అప్పా, నాకు ఏ కలా రాలేదు. ఆ ఒక్క ముక్కే. దానికేం కష్టం?

మధ్యాహ్నం వేళ. వసారాలో నులకమంచం మీద ఉంది. ఎముకలు మిగిలాయి. కళ్ళు సరిగా ఆనడం లేదు. గొంతు పట్టి గుర్తుపట్టింది.

"వొచ్చీవా బాబూ. కూకో."

"అప్పా, నీకొక మాట సెప్పాలి," అన్నాను.

"నాకు తెలుసు," అంది.

నిజం చెప్తున్నాను, ఆ క్షణం సంతోషం వేసింది. తెలుసట. ఎప్పటినుంచో తెలుసేమో, పోనీలే అని ఊరుకుందేమో.

"మళ్ళీ కలొచ్చింది కదేటి," అంది. "అదే సెప్పడానికొచ్చీవు." కాసేపు ఊపిరి తీసుకుంది. "నీకెప్పుడూ సెప్పలేదు బాబూ. నా గుంటకి జొరమొచ్చినప్పుడు అరసవల్లి సామికి మొక్కుకొని గుండు గీయించీసాం. ఆ గుండుతోటే ఎలిపోయింది. పదేళ్ళు అదే కనిపించీది నాకు, ఆ బోడి తల. నువ్వొచ్చి రెండు జడలన్నావు సూడు. అమ్మ దగ్గిర జుత్తు పెరిగింది అనుకున్నాను. ఆ రోజు నిద్దరోయాను బాబూ. పదేళ్ళకి."

నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"ఇప్పుడెంత పొడుగున్నాయి జడలు?"

చెప్పండి, నేనేం చెయ్యాలి? కూర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. ఆ ఒక్క ముక్క అంటే ఆ పిల్లకి మళ్ళీ గుండు గీసినట్టే. అది కూడా ఈ చేతులతోనే. అనకపోతే ఆమె అబద్ధం పట్టుకునే వెళ్ళిపోతుంది. ఇది జాలా? భయమా? పద్దెనిమిదేళ్ళ కిందట భయమని నాకు బాగా తెలుసు. మొన్న ఏమిటో నాకే తెలియలేదు. జాలి అనుకోవాలని ఉంది. అనుకోలేకపోతున్నాను.

"నడుం దాటాయి అప్పా," అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుంది. "అమ్మే దువ్వుతుందేమో," అని గొణిగింది. ఆ నిద్రలోనే ఉంది ఇప్పటికీ. ఈరోజో రేపో అంటున్నారు.

కమిటీవాళ్ళు కబురు పెట్టారు, రేపు పొద్దున చెట్టు చెప్పాలట. ఏదో ఒకటి చెప్తాను. ఆమెతో అనవలసిన మాట మాత్రం ఆమెకి చేరదు. కనీసం ఒకచోట ఒకసారైనా అది ఉండాలని ఇక్కడ రాస్తున్నాను. మీరు క్షమించక్కర్లేదు, అది మీ చేతుల్లో లేదు. చదివితే చాలు.

నాకు ఏ కలా రాలేదు. ఆ పిల్లని నేనెప్పుడూ చూడలేదు.