దీక్షా శిబిరంలో ఉమ్మి పరీక్ష

ఈ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో తెలంగాణ కోసం మా కాలనీ ఆడవాళ్లం రిలే నిరాహార దీక్షకు కూర్చున్నాం. మధ్యాహ్నం మెడలో జై తెలంగాణ కండువాతో, అమ్ముకునే జ్యూస్ సీసాల సంచితో ఒకతను టెంటులోకొచ్చాడు. ఒంట్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎంతుందో ఉమ్మి చూసి చెబుతానంటూ, మా పక్కింటి యాదమ్మక్క ఉమ్మిలో కాగితం ముక్క తడిపాడు. అది ఎర్రబడింది.

"అక్కా, ఒంట్ల కణాలకు తుప్పు పడుతున్నది. గీ జ్యూస్ జర తాగు, రంగు ఎట్ల మారుతదో సూడు."

"పొద్దుగాలకెల్లి ఏం తినలే తమ్మీ, నోరెండిపోయింది. దీక్షల ఉన్న."

"జ్యూసే గదక్కా, అన్నం గాదు గద!"

అంటూనే గ్లాసు ఆమె చేతిలో పెట్టేశాడు. దీక్షలో ఉన్న మనిషి చేతికి జ్యూస్ వచ్చిందంటే దీక్ష విరమించినట్టే లెక్క. బయటున్న జనం చప్పట్లు కొట్టారు, పేపరు ఫొటోగ్రాఫర్ ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. యాదమ్మక్క గ్లాసు పక్కన పెట్టి ఏడ్చేసింది.

ఆకలితో కూర్చున్నవాళ్ల దగ్గరా అమ్మకమేనా? ఇప్పుడు నా ఉమ్మి చూస్తే ఆ కాగితం మాడి మసైపోతుంది.

రేపు పేపర్లో ఆ ఫొటో వస్తే నమ్మకండి. ఆమె ఒక్క చుక్క తాగలేదు. అక్కడున్నవాళ్లు కింద కామెంట్లలో సాక్ష్యం రాయండి.