యాదయ్య వ్యానుకు డీజిల్ ఇంజిన్

1964 ఎండాకాలం. మహబూబ్‌నగర్ స్టేషన్ రోడ్డులో సత్తార్ ఉస్తాద్ షెడ్డు ఉండేది. నేను అందులో మెకానిక్‌ని. పైన రేకులు, కింద ఆయిల్ తాగి నల్లబడ్డ నేల, పొద్దంతా కిరోసిన్ వాసన. ఇప్పటివాళ్లు డబ్బాలో వచ్చిన పార్టు తీసి బిగించి చేతులు తుడుచుకుంటారు. దాన్ని నేను పని అనను. మాకు ఏ పార్టూ సమయానికి దొరికేది కాదు, అందుకే అన్నీ చేత్తో తయారు చేసుకునేవాళ్లం. ఆ షెడ్డు గుర్తొస్తే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

యాదయ్య అచ్చంపేట నుంచి మా ఊరికి కిరాయి వ్యాన్ నడిపేవాడు. ఏళ్ల తరబడి దొర కారు నడిపి, మాటలు పడి, చివరికి సొంతంగా కొనుక్కున్న పాత పెట్రోలు బండి అది. దాని ఇంజిన్ పూర్తిగా పాడైంది. వేలంలో దొరికిన ఒక డీజిల్ ఇంజిన్‌ను ఎడ్లబండి మీద తెచ్చి మా ముందు దించాడు.

"గిది ఎక్కియ్యున్రి ఉస్తాద్. బండి నడవకపోతే మల్ల దొర కాడికి పోవాలె. నాతోని కాదు," అన్నాడు.

ఇంజిన్ మార్చడమంటే పాతది దింపి కొత్తది కూర్చోబెట్టడం కాదు. పాతదాని పొగ కుడివైపు నుంచి పోయేది, దీనిది ఎడమవైపు. ఇంజిన్ నుంచి పొగను పోగుచేసే ఇనుప గొట్టాల గుత్తిని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అంటారు. అక్కడి నుంచి పైపు బండి అడుగున సైలెన్సర్ దాకా పోవాలి. ఆ దారిలో ఛాసిస్ అనే ఇనుప చట్రం ఉంటుంది, బ్రేకు గొట్టం ఉంటుంది, పైన చెక్క ఫ్లోరు ఉంటుంది. వాటికీ పైపుకూ నడుమ ఉండాల్సిన ఖాళీనే క్లియరెన్స్ అంటాం. ఉస్తాద్ వేలు పెట్టి చూసి, వేలు పట్టేంత ఖాళీతో బిగించాడు. బండి స్టార్టయింది. యాదయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంబరంలో కొత్త జంఖానా కొని ఫ్లోరంతా పరిచాడు.

కొన్నాళ్లకే ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"కాళ్ల కింద కాల్తాందని ఎవ్వరు ఎక్కుతలేరు ఉస్తాద్. లోపల నిప్పున్నదని అచ్చంపేటంత చెప్పుకుంటున్నరు."

ఉస్తాదూ నేనూ ఎక్కి జడ్చర్ల దాకా పోయి వచ్చాం. ఏమీ లేదు. కింద దూరి చూస్తే ఖాళీ ఉన్నట్టే ఉంది. బస్సువాళ్లే పుకారు లేపారని యాదయ్యకు నమ్మకం కుదిరింది. కొట్లాటకు పోతానంటే ఉస్తాద్ చేయి పట్టుకుని ఆపాడు.

ఆ తర్వాత ఒకరోజు మిట్టమధ్యాహ్నం వ్యాన్ నిండా జనంతో షెడ్డు ముందు ఆగింది. ముందుగా దిగింది మల్లవ్వ, గొర్లు కాసే ముసలామె. కూతురికి ఇక్కడి దవాఖానలో కాన్పయిందని, వేరే బండి దొరక్క, చుట్టాలందర్నీ వెంటేసుకుని ఇందులో వచ్చింది.

"తొవ్వ పొడుగునా కాళ్లు పైకి పెట్టుకొనొచ్చిన. ఏం బండి చేసిన్రయ్యా ఇది?" అని మా మీదికే వచ్చింది.

"మేం తిరిగినం కద అవ్వా, మాకేం కాల్లే," అన్నాను.

ఆమె నా కాళ్ల వైపు చూసింది. "నీకు బూట్లున్నయి బిడ్డా. గంత మంచి జంఖానా తొక్కుకుంట చెప్పులతోని ఎట్ల కూసుంటం? దర్వాజ కాడ్నే ఇడుస్తున్నం."

ఉస్తాద్ జంఖానా లాగేశాడు. కింద చెక్క పెనం అడుగులా నల్లగా ఉంది. జంఖానా వెనుక నూలు కమిలిపోయింది. ఇంకొన్నాళ్లయితే అంటుకునేదే. యాదయ్య ఆ కమిలిన నూలును చేత్తో తడిమాడు.

"మంచి బట్ట పరిస్తే మనుషులను కాల్చిన," అన్నాడు.

ఖాళీ ఉండగా చెక్క ఎలా కాలిందన్నది మాకు అంతుపట్టలేదు. ఉస్తాద్ తడి ఎర్రమట్టి తెప్పించి, ఏది తాకినా గుర్తు పడేలా పైపు మీద మందంగా మెత్తాడు. "జర మల్ల కూసోండ్రి, దవాఖాన కాడ దింపుతం," అని అందర్నీ ఎక్కించాడు. నేను నీళ్ల బకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మల్లవ్వ నన్ను చూసి నవ్వింది. దవాఖాన ముందు దిగాక కింద దూరి చూస్తే, కాలిన చెక్క సరిగ్గా ఎక్కడుందో అక్కడే మట్టి చెదిరిపోయి ఉంది.

జనం బరువుకు ఫ్లోరు కిందికి వంగుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ తన రబ్బరు మౌంటింగుల మీద, అంటే అది కూర్చునే దిమ్మల మీద, పక్కకు ఒరిగి పైపును పైకి లేపుతోంది. మేము వేలు పెట్టి చూసింది ఖాళీ బండిని.

పైపు కోసి, లోపల ఇసుక నింపి, కొలిమిలో ఎర్రగా కాల్చి మళ్లీ వంచాం. ఇసుక ఉంటే వంపు దగ్గర పైపు నొక్కుకుపోదు. దాన్ని బాగా కిందికి దించి, చెక్కకు అడ్డంగా రేకు కొట్టి, కాలిన పలక మార్చాం. మళ్లీ మట్టి మెత్తి, షెడ్డు జనాన్నంతా ఎక్కించి తిప్పితే మట్టి చెదరలేదు. యాదయ్య జంఖానాను మళ్లీ పరిచాడు.

మల్లవ్వ కూతురిని దవాఖాన నుంచి ఇంటికి పంపే రోజు యాదయ్య బండి తీసుకుపోయి గేటు ముందు నిలబెట్టాడు. దర్వాజ తెరిచి పక్కకు జరిగాడు. చుట్టాలు దూరంగానే నిలబడ్డారు. మల్లవ్వ చెప్పులు విడిచి ఎక్కి, ఇంజిన్ నడుస్తుండగానే జంఖానాకు చాలాసేపు అరికాళ్లు ఆనించి కూర్చుంది. తర్వాత చేతులు చాపి పసిగుడ్డును అందుకుని, తన కాళ్ల దగ్గర జంఖానా మీద పడుకోబెట్టింది.

"ఎక్కున్రి," అంది వాళ్లతో. "పోనియ్యి యాదయ్యా, మెల్లగ."

యాదయ్య మళ్లీ దొర దగ్గరికి పోలేదు. చివరిదాకా తన బండే నడుపుకున్నాడు. ఆయనా లేడు, ఉస్తాదూ లేడు, షెడ్డు జాగాలో ఇప్పుడేదో దుకాణం ఉంది. బండిని అందులో కూర్చునేవాళ్లలా కూర్చుని చూడాలని నేను నేర్చుకున్నది అక్కడే. ఇప్పటికీ ఎవరైనా బండి చూడమని తెస్తే నలుగురిని ఎక్కించి, చెప్పులు విడిచి ఎక్కుతాను. మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ.